దాచినది చెప్పాడా, దొరికిపోయాడా?

‘సూపర్‌నేచురల్’ అనే అమెరికన్ సీరియల్ చూసినవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే కాసేపటికే పంచాయితీ మొదలవుతుంది. ఈ సీరియల్ అన్న డీన్‌దా, తమ్ముడు సామ్‌దా? కథంతా తీసుకెళ్లి సామ్ నెత్తిన పెట్టారని డీన్ పక్షం వాళ్లు మొదలుపెడతారు. కథ పేరుకే మావాడిది, కన్నీళ్లూ మంచి డైలాగులూ అన్నకే రాసిచ్చేశారని సామ్ పక్షం వాళ్లు అందుకుంటారు. ఆ తర్వాత లెక్కల్లోకి దిగుతారు. ఏ సీజన్లో ఎవరికెన్ని సీన్లు, ఎవరు ఎన్నిసార్లు చచ్చి బతికారు, ఎవరి చుట్టూ ఎన్ని ఎపిసోడ్లు తిరిగాయి. నా పేచీ ఆ లెక్కతోనే.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2005 సెప్టెంబర్ 13న అమెరికాలో డబ్ల్యూబీ అనే చానల్లో మొదలై, మరుసటి ఏడాది సీడబ్ల్యూ చానల్‌కి మారి, 2020 నవంబర్ 19న ముగిసిన సీరియల్ ఇది. 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ. 1983లో, కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ ఊళ్లో, పసిబిడ్డ పడుకున్న గదిలో తల్లి పైకప్పుకి అతుక్కుపోయి మంటల్లో కాలిపోతుంది. తండ్రి జాన్ వించెస్టర్ ఆరు నెలల సామ్‌ని నాలుగేళ్ల డీన్ చేతిలో పెట్టి, తమ్ముణ్ని తీసుకుని బయటికి పరిగెత్తమంటాడు. ఆ తర్వాత ఆయన దయ్యాల వేటలో పడి, పిల్లలిద్దర్నీ మోటెళ్ల చుట్టూ తిప్పుతూ పెంచుతాడు. పెద్దవాడు తండ్రి పనిలోకి దిగుతాడు. చిన్నవాడు తండ్రితో గొడవపడి స్టాన్‌ఫర్డ్‌లో చదువుకోడానికి వెళ్లిపోతాడు. కథ మొదలయ్యేసరికి తండ్రి కనబడకుండా పోయాడు, అన్న వచ్చి తమ్ముణ్ని 1967 మోడల్ ఇంపాలా కారెక్కిస్తాడు. డీన్‌గా వేసిన జెన్సన్ ఆకిల్స్, సామ్‌గా వేసిన జారెడ్ పడలెకీ పదిహేనేళ్లు ఆ కారు దిగలేదు.

దయ్యాల్ని పక్కన పెడితే ఇది మా కోనసీమలో వీధికొకటి చొప్పున ఉండే కథే. పెద్దవాడు కొబ్బరితోట, వరిచేను, ముసలి తల్లిదండ్రులు, వీటన్నిటినీ చూసుకుంటూ ఊళ్లో ఉండిపోతాడు. చిన్నవాడు చదువు పేరుతో కాకినాడ వెళ్లి, అక్కణ్నించి హైదరాబాదో అమెరికావో వెళ్లిపోయి, సంక్రాంతికి కారేసుకుని వస్తాడు. ఉండిపోయినవాడు ఎంత చాకిరీ చేశాడో ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా చెప్తాడు. వెళ్లినవాడు ఎందుకు వెళ్లాడో మాత్రం ఎవరూ చెప్పరు. ‘చదువుకోడానికి’ అనేస్తారు, అక్కడితో సరి.

మా ఇంట్లో ఉండిపోయింది తమ్ముడు, వెళ్లింది నేను. కాబట్టి వాడు డీన్ పక్షం, నేను సామ్ పక్షం. ఇందులో పెద్ద మనస్తత్వశాస్త్రమేమీ లేదు. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరదొచ్చి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను ఊళ్లోనే ఉన్నాను. లంకల్లోంచి చుట్టాలు పిల్లల్నీ, గేదెల్నీ తోలుకుని మా ఇంటికొచ్చేశారు. కరెంటు వస్తూ పోతూ ఉంది. రాత్రిళ్లు ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపు నేనూ తమ్ముడూ ఇదే చూశాం. చుట్టాల పిల్లలు కిటికీ దగ్గర దయ్యం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టేవాళ్లు. మేమిద్దరం దయ్యం పోయాక కొట్టుకునేవాళ్లం.

“అక్కా, డీన్ లేకపోతే సీరియలే లేదు. వీడు చచ్చినట్టు చాకిరీ చేస్తాడు, ఆడు అలుగుతాడు.”

“ఎందుకు అలుగుతున్నాడో నీకెవరైనా చూపించార్రా?”

“అలకకి కారణమేంటి, అలవాటు!”

వాడి తప్పేం లేదు, సీరియల్ కూడా చాలాచోట్ల అదే అంటుంది. సీన్ల లెక్క తప్పని నేననడానికి కారణం మా తోట పంపకాల్లో దొరికింది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు కోరుకోవాలి, మా వైపు పద్ధతి అది. పెద్దమనుషులు అరుగు మీద కూర్చున్నారు. నాన్న వాటాలు వేశారు, చెట్టుకి చెట్టు సరిపోయింది. కానీ కాలవ గట్టు పక్క చెట్లు గెలలతో వంగి ఉంటాయి, వెనక చెట్లు పేరుకి చెట్లు. బాబాయి గట్టు పక్క వాటా కోరుకునేసరికి అరుగు మీద అందరి ముఖాలూ మారిపోయాయి. ఒకాయన “ఏనాడైనా వచ్చి ఓ బొండాం దింపించేవా బాబూ?” అన్నారు. బాబాయి గాజుగ్లాసులో టీ చల్లారిపోతున్నా తాగకుండా, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ఇంట్లో ఇద్దరికి తిండి సరిపోని రోజుల్లో, పదిహేడేళ్లకి ఆయన్ని బయటికి పంపింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు, ఆయనా చెప్పలేదు. చెట్లు సమానమే, కాపు వేరు. సీన్లూ అంతే.

సీరియల్లో కాపు ఎక్కడుందో చూడాలంటే మొదటి సీజన్ నుంచి రావాలి. క్రిప్కీ మొదట అనుకున్నది దయ్యాల వార్తలు రాసే ఒక విలేకరి కథ. చానల్‌కి అది నచ్చకపోతే అన్నదమ్ముల్ని తీసుకొచ్చాడు. అందుకేనేమో, మొదటి సీజన్లో సామ్‌లో ఆ విలేకరి చూపు ఇంకా మిగిలి ఉంది. ఈ లోకంలోకి మనం అతని వెంటే వెళ్తాం. లా స్కూల్ ఇంటర్వ్యూ అతనిది, ప్రియురాలు జెస్ పైకప్పు మీద కాలిపోతే పోయేది అతని జీవితం, రాబోయేవి కలల్లో కనబడేది అతనికే. డీన్ అంటే జోకులేసే, పాత రాక్ పాటలు పెట్టే, అమ్మాయిల వెంటపడే అన్న. ఇంకో ముచ్చట, ఆకిల్స్ మొదట ఆడిషన్ ఇచ్చింది సామ్ పాత్రకి. పడలెకీ దొరికాక ఆకిల్స్‌ని డీన్ చేశారు. ఆ పక్కవాద్యం పాత్రలో అతను కంటితో చేసిన పనులు రచయితలకి కనబడి ఉంటాయని నా ఊహ.

ఎందుకంటే మొదటి సీజన్ 18వ ఎపిసోడ్‌కి వచ్చేసరికి తలుపు తెరిచేశారు. పిల్లల ఊపిరి పీల్చే ఒక మంత్రగత్తె కథ అది. మధ్యలో చిన్నప్పటి మోటెల్ గది. తండ్రి ఇంట్లో లేడు. పిల్లాడు డీన్ తమ్ముడికి డబ్బా స్పగెట్టీ వేడిచేసి పెడతాడు. వాడికి అది వద్దు, పాలల్లో వేసుకు తినే లక్కీ చార్మ్స్ కావాలి. అది ఒక్క గిన్నెకే మిగిలింది, నేనింకా తిననేలేదు అంటాడు డీన్. తమ్ముడు అలా చూస్తాడు. డీన్ వేడిచేసినది చెత్తబుట్టలో పారేసి, ఆ డబ్బా తెచ్చి వాడి ముందు పెడతాడు. తమ్ముడు డబ్బాలోంచి వచ్చిన బొమ్మ తీసి, నువ్వు తీసుకుంటావా అని అన్నకిస్తాడు. సీన్ అంతే, నిమిషమన్నా ఉండదు. ఆ తర్వాత కాసేపు విసుగేసి డీన్ గది బయటికి వెళ్లి వీడియోగేమ్ ఆడుకోవడం, వచ్చేసరికి ఆ మంత్రగత్తె తమ్ముడి మంచం మీద వంగి ఉండడం, తండ్రి చూపులో నమ్మకం పోవడం. డీన్ ఎందుకు ఇలా ఉన్నాడో మనకి ఆ రోజుతో తెలిసిపోయింది. ఎంత బాగా తెలిసిందంటే, ఇక అతనేం చేసినా మనం ముందే క్షమించేసి కూర్చున్నాం.

తప్పు అక్కడ లేదు. అది సీరియల్లోని మంచి ఎపిసోడ్లలో ఒకటి. కానీ అలాంటి గది సామ్‌కి ఎన్నిసార్లు తెరిచారన్నది నా ప్రశ్న.

ఇద్దరు మనుషులు ఒకే కారులో తిరిగే సీరియల్లో ఒక ఇబ్బంది ఉంది. ఇద్దరికీ అన్నీ తెలిసిపోతే కథ నడవదు. అందుకని ప్రతి సీజన్లోనూ ఒకడు ఒకటి దాస్తాడు. రెండోవాడు కనిపెట్టాలి. ఆ దాపరికం ఎలా బయటపడిందో వరసగా చూసుకుంటూ రండి. రెండో సీజన్లో తండ్రి చనిపోయే ముందు డీన్ చెవిలో ఏదో చెప్తాడు, అది మనకి కూడా వినిపించరు. చివరికి డీనే నీళ్ల ఒడ్డున నిలబడి తమ్ముడికి చెప్పేస్తాడు. నాలుగో సీజన్లో డీన్ నరకం నుంచి వస్తాడు, అక్కడేం జరిగిందో గుర్తులేదంటాడు. పదో ఎపిసోడ్ చివర కారుకి ఆనుకుని, ఏడుస్తూ, తనే చెప్తాడు. అక్కడి లెక్కలో నలభై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు చిత్రహింస పడ్డాడు, పదేళ్లు పెట్టాడు. తొమ్మిదో సీజన్లో చావుబతుకుల్లో ఉన్న తమ్ముడి ఒంట్లోకి, అతనికి తెలియకుండా ఒక దేవదూతని పంపిస్తాడు. అదీ చెప్పబోతాడు. ఆ సమయానికి ఎదురుగా ఉన్నది తమ్ముడు కాదు, ఆ ఒంట్లోని దేవదూత. అది వేరే సంగతి, నోరు తెరిచాడా లేదా అన్నదే ఇక్కడ లెక్క.

ఇప్పుడు సామ్ వైపు రండి. నాలుగో సీజన్లో రూబీ అనే పిశాచంతో కలిసి పిశాచాల్ని మనసుతో తరిమే శక్తి పెంచుకుంటాడు. డీన్ వెళ్లి కళ్లారా పట్టుకుంటాడు. పిశాచాల నెత్తురు తాగుతున్నాడు, అదీ అన్న కళ్లబడుతుంది. ఆరో సీజన్లో ఆత్మ లేకుండా తిరిగొచ్చాడు, అన్నని రక్తపిశాచి పట్టుకుంటుంటే నిలబడి చూస్తాడు. అన్న కనిపెట్టి చితక్కొడతాడు. పదో సీజన్లో అన్నని కాపాడాలని శాపగ్రంథాన్ని రహస్యంగా దగ్గర పెట్టుకుంటాడు. అదీ బయటపడుతుంది, ప్రాణం పోయింది వేరేవాళ్లది. ప్రతిసారీ ఒకటే వరస: అన్న తలుపు తీస్తాడు, తమ్ముడు ఉలిక్కిపడతాడు.

డీన్ దాచినది చెప్తాడు. సామ్ దాచినది దొరికిపోతుంది. చెప్పేవాడికి కారణాలు చెప్పుకునే వీలుంది, గొంతు పూడుకుపోయే వీలుంది, మనం దగ్గరికి జరిగి వినే వీలుంది. దొరికినవాడికి ఉండేది సంజాయిషీ ఒక్కటే. సీన్లు చెరి సగం పంచినా ఈ తేడా పూడదు.

ఏడో సీజన్లో ఒక మినహాయింపుంది, దాన్ని నేను దాచను. సామ్ చంపకుండా వదిలేసిన అతని చిన్ననాటి స్నేహితురాలిని డీన్ రహస్యంగా చంపేస్తాడు, ఆ సంగతి అతని నోట రాదు, వేరేగా బయటపడుతుంది. కానీ చంపే గదిలో మనం డీన్‌తోనే ఉన్నాం. ఎందుకు చంపాడో, చంపేటప్పుడు అతని ముఖం ఎలా ఉందో చూశాం. మొదటి సీజన్లో అటువైపు మినహాయింపు కూడా ఉంది. కలలు వస్తున్నాయని సామ్ తనే అన్నకి చెప్తాడు. అప్పటికింకా కథ అతని కళ్లతో నడుస్తోంది కదా, అందుకు.

మన తెలుగు సీరియళ్లని అందరూ వెక్కిరిస్తారు, ఒక్క మాటకి ఇంటిల్లిపాదీ ముఖాలు మూడేసిసార్లు చూపిస్తారని. నిజమే, ప్రాణం విసిగిపోతుంది. కానీ వంటమనిషికి కూడా ఒక ముఖం దక్కుతుంది అక్కడ. ‘సూపర్‌నేచురల్’లో గొడవ సీన్లు ఎవరి ముఖం మీద ఆగుతున్నాయో చూస్తూ పొండి. తమ్ముడు మాట అనేసి లేచి వెళ్లిపోతాడు, కెమెరా మాత్రం అన్న దగ్గరే కూర్చుంటుంది.

అలా కాకుండా చేయడం వాళ్లకి చేతకాదా అంటే, చేతనవును. మూడో సీజన్ 11వ ఎపిసోడ్ ‘మిస్టరీ స్పాట్’ చూడండి. తమ్ముణ్ని బతికించుకోడానికి డీన్ తన ఆత్మని ఏడాది గడువుకి అమ్మేసుకున్న సీజన్ అది. ఒకే మంగళవారం మళ్లీ మళ్లీ తెల్లవారుతుంది, ప్రతి మంగళవారం డీన్ చస్తాడు. కారు గుద్దుతుంది, ఏదో మీద పడుతుంది, గొంతులో ముద్ద అడ్డుపడుతుంది. మనం నవ్వుతాం. డీన్‌కి ఏమీ గుర్తుండదు, గుర్తుండేది సామ్‌కొక్కడికే. పొద్దున్నే రేడియోలో అదే పాట మోగేసరికి అతని ముఖంలో వచ్చే నీరసం రోజురోజుకీ ముదురుతుంది. ఆఖరికి బుధవారం వస్తుంది, ఆ బుధవారం డీన్ నిజంగానే చస్తాడు. ఆ తర్వాత నెలలపాటు సామ్ ఒంటరిగా, పక్క దుప్పటి ముడత కూడా లేకుండా సర్దుకుని, మాటా పలుకూ లేకుండా, వేటకుక్కలా తిరుగుతాడు. అన్న పోతే ఈ మనిషి ఏమవుతాడో మొదటిసారి లోపలినుంచి చూశాం. మా తమ్ముడు ఆ రాత్రి వాదన పెట్టలేదు. ల్యాప్‌టాప్ మూసేసి, గేదెలకి మేత వేసొస్తానని వెళ్లిపోయాడు.

నాలుగో సీజన్ 21వ ఎపిసోడ్ కూడా అంతే. నెత్తురు మానిపించాలని సామ్‌ని ఇనుపగదిలో పెట్టి తాళం వేస్తారు. తలుపు అవతల అన్న. ఇవతల సామ్‌కి చిన్నప్పటి తనే కనబడి నిలదీస్తాడు, చనిపోయిన తల్లి కనబడి మెచ్చుకుంటుంది. మనం తలుపుకి ఇవతలే ఉన్నాం. ఇక ఐదో సీజన్ చివర, 2010లో వచ్చిన ఎపిసోడ్‌లో, సామ్ ఒంట్లో ఉన్న లూసిఫర్ అనే సైతాను డీన్‌ని చావగొడుతుంటే, చిన్నప్పుడు కారు యాష్‌ట్రేలో ఇరికించిన బొమ్మ సిపాయి అతని కళ్లబడుతుంది. జ్ఞాపకాలన్నీ ఒక్కసారి తోసుకొస్తాయి, సామ్ తన ఒళ్లు తను లాక్కుంటాడు. ఐదేళ్ల కథ ముగిసింది సామ్ తలలో. క్రిప్కీ పగ్గాలు వదిలింది కూడా అక్కడే.

అందుకే 2012లో మొదలైన ఎనిమిదో సీజన్ నాకు కడుపుమంట. డీన్ ఏడాదిపాటు పర్గటరీలో, రాక్షసులు తిరిగే అడవిలో చిక్కుకుని బయటికొస్తాడు. వచ్చేసరికి తమ్ముడు వేట మానేసి ఉన్నాడు. అన్నకోసం వెతకలేదు. మిస్టరీ స్పాట్‌లో అన్నకోసం పిచ్చివాడైపోయిన మనిషి ఇప్పుడు వెతకలేదట! ఎందుకు? సీరియల్ చరిత్రలో సామ్‌ని అడగాల్సిన ప్రశ్నల్లో ఇదే పెద్దది. జవాబుగా మనకి దక్కినవి మెత్తటి పసుప్పచ్చ వెలుతురులో కొన్ని ఫ్లాష్‌బ్యాకులు. కారు కింద పడిన కుక్క, పశువుల డాక్టరమ్మ అమీలియా, పిక్నిక్. డీన్ అడవికైతే నెత్తురుంది, బెన్నీ అనే స్నేహితుడున్నాడు, రంగు వెలిసిపోయిన ఫొటోలాంటి వేరే వెలుతురుంది. సామ్ ఏడాదికి కుక్కుంది. మనిషి విరిగిపోయి పరిగెత్తాడా, లేక అన్న లేని బతుకు హాయిగా ఉందని తెలిసి సిగ్గుపడ్డాడా? రెండోదైతే ఎంత గొప్ప కథ! ఆ సీజన్ పగ్గాలు పట్టిన జెరెమీ కార్వర్ మిస్టరీ స్పాట్ రాసినవాడే కావడం ఇంకా కడుపుమంట.

ఆ సీజన్ చివర చర్చిలో, ప్రాణం పోయేలా ఉన్న సామ్ తన పెద్ద పాపం ఏమిటో చెప్తాడు. నిన్ను ఎన్నిసార్లు నిరాశపరిచానో అదే, అంటాడు అన్నతో. పడలెకీ బ్రహ్మాండంగా చేశాడు, నేనూ ఏడ్చాను. కానీ చూడండి, అతని లోపలికి తలుపు తీసేసరికి లోపల కూర్చుని ఉన్నదీ అన్నే.

మా మామ్మ ‘లక్ష్మణదేవర నవ్వు’ పాట పాడేది. రాముడి పట్టాభిషేకం, నిండు సభ, లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపకా నవ్వుతాడు. సభలో ప్రతివాళ్లూ తమని చూసే నవ్వాడనుకుంటారు. అన్నని చంపించి రాజ్యమేలుతున్నానని సుగ్రీవుడు, అన్నని విడిచొచ్చానని విభీషణుడు, పరాయి చోట ఉండొచ్చానని సీత తలలు దించుకుంటారు. రాముడికీ కోపమొచ్చి కత్తి దూస్తాడు. అప్పుడు లక్ష్మణుడు చెప్తాడు: పద్నాలుగేళ్లు నిద్ర లేకుండా కాపలా కాశాను, సమయం కాని సమయంలో నిద్రాదేవి ఇప్పుడొచ్చి ఎదుట నిలబడింది, నవ్వొచ్చింది, అంతే. మామ్మ ఆ చివరి భాగం దగ్గర గొంతు తగ్గించి, తాపీగా పాడేది. ఆ పాట పాడుకున్న ఆడవాళ్లు అన్నగారి గొప్పతనాన్ని ఎక్కడా తగ్గించలేదు. తమ్ముడికి నోరిచ్చారు. అదీ ఎలాగంటే, సభలోవాళ్లు తమ్ముడి మీద రుద్దిన కారణాలన్నీ ముందు వరసగా విప్పి, ఆ తర్వాత అసలు కారణం అతని చేతే చెప్పించారు. ఒక రచయితల బృందం పదిహేనేళ్లలో తడబడిన పని దంపుళ్ల దగ్గరో, పడకమంచాల దగ్గరో పాడుకునేవాళ్లు ఒక్క పాటలో చేసేశారు.

ఐదో సీజన్ 16వ ఎపిసోడ్‌లో ఆ పని సగం జరిగింది. అన్నదమ్ములిద్దర్నీ ఎవరో కాల్చేస్తే స్వర్గానికి పోతారు. స్వర్గమంటే ఎవరి మంచి జ్ఞాపకాలు వాళ్లకి. డీన్ స్వర్గంలో తమ్ముడితో కలిసి కాల్చిన బాణసంచా ఉంది, అమ్మ ఉంది. సామ్ స్వర్గంలో వేరేవాళ్లింట్లో పండగ భోజనం, ఇంట్లోంచి పారిపోయి ఒక కుక్కతో గడిపిన రోజులు, స్టాన్‌ఫర్డ్‌కి బయల్దేరిన రాత్రి. ఒక్కదాంట్లోనూ అన్న లేడు. డీన్ ముఖం చూడాలి! నువ్వు పారిపోయినప్పుడు నీకోసం ఎక్కడెక్కడ వెతికానో, నాన్న వచ్చాక ఏమైందో నీకు తెలుసా అంటాడు. సామ్ ఒక్కమాట అంటాడు. బ్రెడ్డు అంచులు కోసి పెట్టినవాళ్లు నాకెప్పుడూ లేరు, కుటుంబాన్ని నువ్వు చూసినట్టు నేను చూడలేను అని. ఆ ఒక్క ముక్కలో ఎంతుంది! అన్నకి నాలుగేళ్ల అమ్మ దొరికింది, తమ్ముడికి ఆరు నెలలు. కానీ అక్కడ ఆగరు. చిన్నప్పుడు తమ్ముడిచ్చిన తాయెత్తుని డీన్ చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోవడంతో ఎపిసోడ్ ముగుస్తుంది. గుర్తుండిపోయేది ఆ చెత్తబుట్టే, బ్రెడ్డు అంచులు కాదు. పదకొండో సీజన్లో ఆ తాయెత్తు సామ్ జేబులోంచి బయటికొస్తుంది. ఇన్నేళ్లూ దాన్నెందుకు దగ్గర పెట్టుకున్నాడో ఒక సీన్ ఇచ్చారా? మళ్లీ దొరికిపోయాడు, అంతే.

తమ్ముడి వాదన కూడా చెప్పాలి, లేకపోతే వాడు ఇది చదివి ఫోన్ చేస్తాడు. “నీ సామ్‌కి నెత్తురు, జోస్యం, లూసిఫర్, ఆత్మ లేకపోవడం, పరీక్షలు, అన్నీ ఆడికే. మావాడికేముందే? తమ్ముణ్ని చూసుకోవడం ఒక్కటే ఉద్యోగం. ఏడుపు తప్ప ఏమీ ఇవ్వని మనిషికి ఏడుపులో వాటా ఎక్కువొచ్చిందని ఏడుస్తావేంటి?” ఇది గట్టి మాట. మొదటి ఎనిమిది సీజన్లలో డీన్‌కి సొంత కథ తక్కువ, సామ్ కథకి అతనొక కాపలాదారు. తొమ్మిదో సీజన్లో కయీను గుర్తు అనే శాపపు మచ్చ చేతిమీదికొచ్చి, చివర అతనే పిశాచమై కళ్లు తెరిచేదాకా అసలు కథ అతని ఒంట్లో జరగనేలేదు. ఆ పిశాచం డీన్ సంగతి కూడా పదో సీజన్లో మూడు ఎపిసోడ్లలో తేల్చి చేతులు దులుపుకున్నారు. అది అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ సొంత కథ లేకపోవడం ఒక రకం లోటు, సొంత కారణం లేకపోవడం ఇంకో రకం. మొదటిదున్నవాడి మీద జాలి కలుగుతుంది, రెండోదున్నవాడి మీద అనుమానం కలుగుతుంది.

తొమ్మిదో సీజన్ వంటగది సీన్ దగ్గర మేమిద్దరం నిజంగానే మాట్లాడుకోవడం మానేశాం, ఆ పూటకి. దేవదూత సంగతి తెలిశాక సామ్ అంటాడు: నువ్వు నన్ను బతికించింది నాకోసం కాదు, ఒంటరిగా ఉండలేక నీకోసం. నీ స్థానంలో నేనుంటే అలా చేయను. పదిహేనేళ్లలో సామ్ తన వైపునుంచి, గొంతు పెంచకుండా, లెక్క కట్టినట్టు చెప్పిన మాటల్లో అది మొదటిది. తన ఒంటి మీద తనకి హక్కు లేదా అన్నది అతని ప్రశ్న. చెప్పేసి వెళ్లిపోతాడు. కెమెరా ఎక్కడుంది? డీన్ దగ్గర. ఎంత దెబ్బతిన్నాడో చూడమంటూ. అది చాలలేదు కాబోలు, సీజన్ చివర డీన్ చావబోతుంటే సామ్ చేత ఆ మాట వెనక్కి తీయించారు. ఇదంతా నీకు సమ్మతమే అన్నావు కదా అని అన్న అడిగితే, అబద్ధం చెప్పాను అంటాడు. అబద్ధమా! ఆ సీరియల్లో అంతకంటే నిజమైన మాట ఇంకోటి లేదని నా అభిప్రాయం. అన్న మీద ప్రేమ ఉండటానికీ ఆ మాట నిజం కావడానికీ అడ్డేమీ లేదు. బాబాయి, నాన్న ఇప్పటికీ సంక్రాంతికి ఒకే మంచం మీద కూర్చుని పేకాడుకుంటారు. గట్టు పక్క చెట్ల సంగతి అలాగే ఉంది.

ఇక ఆఖరి ఎపిసోడ్. ఒక పాకలో రక్తపిశాచాలతో కొట్లాటలో వీపులో ఇనుపచువ్వ దిగి డీన్ చనిపోతాడు. ఆ చావు సీన్ నిదానంగా, చాలాసేపు సాగుతుంది. నేను పోయినా ఫర్వాలేదని చెప్పు, అని తమ్ముణ్ని అడుగుతాడు. ఏడవనివాడుండడు. ఆ తర్వాత సామ్ బతకాల్సిన జీవితమంతా ఒక్క పాటలో అయిపోతుంది. కొడుకు పుడతాడు, పేరు డీన్. కొడుకు పెరుగుతాడు, సామ్ జుట్టు తెల్లబడుతుంది, గరాజులో ఇంపాలాలో కూర్చుంటాడు, మంచం పడతాడు, స్వర్గంలో వంతెన మీద అన్నని కలుస్తాడు. మొదటి ఎపిసోడ్‌లో ఈ కుర్రాడు కోరుకున్నది మామూలు బతుకు. అది చివరికి దొరికితే, దాన్ని స్వర్గంలో అన్న కారు నడుపుతున్నంతసేపట్లో చుట్టిపెట్టేశారు.

కొడుకుని కన్న భార్య ఉండాలి కదా. ఉంది, దూరంగా, మసక మసగ్గా, ముఖం తెలియకుండా నిలబడి ఉంటుంది. ఈ మనిషి అన్న పోయాక తన కథ ఎవరికైనా చెప్పుకుని ఉంటే ఆవిడకే చెప్పుకుని ఉంటాడు. ఆవిడకి ముఖం కూడా ఇవ్వలేదు.

“కోవిడ్ అక్కా,” అన్నాడు తమ్ముడు. “ఆఖరి రెండు ఎపిసోడ్లుండగా 2020 మార్చిలో షూటింగ్ ఆగిపోయింది, ఆగస్టులో మళ్లీ తీశారు. ఎక్కువమంది నటుల్ని పెట్టుకోలేక అలా కానిచ్చేశారు.”

షూటింగ్ ఆగిన మాట నిజమే. కానీ పాకలో అన్ని రక్తపిశాచాలకి, వాళ్ల మాస్కులకి, ఒక చిన్న కుర్రాడికి, పెద్దైన కుర్రాడికి, కుక్కకి వీలుపడినప్పుడు, ఇంకొక్క నటికి టెస్టు చేయించి, వంటింట్లో సామ్ ఎదురుగా కూర్చోబెట్టి, “మీ అన్నయ్య ఎలా ఉండేవాడు?” అని అడిగించడానికి ఎన్ని నిమిషాలు పట్టేదట?